ఆగింది చెయ్యా, బుర్రా?

ఆరో తరగతి పిల్లోడొకడు ఫోన్ పట్టుకుని భిన్నాల ఆట ఆడుతున్నాడు. తెర మీద చిక్కీ పలక ఒకటి, నాలుగు సమాన ముక్కలుగా గీతలు పెట్టి ఉంది. పైన 3/4 అని రాసుంది. మూడు ముక్కల్ని పక్కనున్న పళ్లెంలోకి లాగాలి. వాడు రెండు లాగాడు. మూడోదాని మీద వేలు పెట్టి ఆగాడు. పది సెకన్లయింది, ఇరవై అయింది. పక్కన కూర్చుని చూస్తున్న మనిషి "3వ మెట్టు దగ్గర ఇబ్బంది, 20 సెకన్లు" అని రాసుకున్నాడు.

ఆ రాత ఎందుకూ పనికిరాదు. ఆ ఇరవై సెకన్లలో మూడు వేరువేరు సంగతులు దాక్కుని ఉండొచ్చు. ముక్క కదలక ఆగి ఉండొచ్చు: వేలు అంచు మీద పడింది, ఆట దాన్ని తాకినట్టు లెక్కేసుకోలేదు. లెక్క తేలక ఆగి ఉండొచ్చు: తీయాల్సింది మూడా, నాలుగా? లేదంటే పైన గిర్రున తిరిగే గడియారాన్ని చూసి, తప్పయితే ఆటలో ఒక ప్రాణం పోతుందని జంకి ఆగి ఉండొచ్చు. మొదటిది ప్రోగ్రామరు దిద్దాల్సిన తప్పు. రెండోది అసలు తప్పే కాదు, ఆ ఆట పుట్టిందే ఆ ఆగడం కోసం. మూడోది ఆటను అల్లినవాళ్లు కూర్చుని తూకం వెయ్యాల్సిన విషయం.

యూజబిలిటీ టెస్టింగ్, అంటే వాడేవాళ్లు ఎక్కడ ఆగుతున్నారో పక్కన కూర్చుని చూసే వాడుక పరీక్ష, ఆఫీసు సాఫ్ట్‌వేర్ల దగ్గర పెరిగింది. బ్యాంకు యాప్‌లో డబ్బు పంపేవాడు ఎక్కడ ఆగినా అది యాప్ తప్పే, దాన్ని తీసెయ్యాల్సిందే. ఆ అలవాటునే తెచ్చి చదువు చెప్పే ఆటకు తగిలిస్తే, పిల్లోడు ఆగిన ప్రతిచోటా ఒక బాణం, ఒక సూచన, మెరిసే బొత్తాం వచ్చి చేరతాయి. చివరికి వాడు మెరిసినచోటల్లా ఒత్తుకుంటూ పోయి ఆఖరి మెట్టు ఎక్కేస్తాడు. భిన్నాలు మాత్రం ఆట మొదట్లో ఎంత వచ్చో అంతే వస్తాయి. కర్నూలు, అనంతపురం, కడప బడుల కోసం ఆటలు చేసే కాలేజీ పిల్లలతోనూ టీచర్లతోనూ నా తగాదా ఇక్కడే. తీసెయ్యాల్సిన కష్టాన్నీ ఉంచాల్సిన కష్టాన్నీ విడదీయని వాడుక పరీక్ష ఆటను బాగుచెయ్యదు, పాడుచేస్తుంది.

చె, పా, ఆ

విడదీయడానికి పెద్ద యంత్రాంగమేమీ అక్కర్లేదు. చూసి రాసుకునే కాగితంలో ఐదు గడులు చాలు: సమయం, ఆటలో ఎక్కడ, చెయ్యి ఏం చేసింది, నోరు ఏమంది, చివర్లో ఒక ఖాళీ గడి. ఆ చివరి గడిలో మూడు గుర్తుల్లో ఒకటి పడుతుంది. చేతికి సంబంధించిన అడ్డమైతే "చె", పాఠానిదైతే "పా", ఆట నియమానిదైతే "ఆ". ఆ గడిని అక్కడికక్కడే నింపకూడదు. పిల్లోడు ఎదురుగా ఉన్నప్పుడు కంటికి కనబడిందీ చెవిన పడిందీ మాత్రమే రాయాలి. "అయోమయపడ్డాడు" అన్నది మన అభిప్రాయం. "వేలు మూడుసార్లు ముక్క అంచున జారింది", "యాడ ఒత్తాలక్కా అన్నాడు" అన్నవి జరిగినవి. అభిప్రాయం రాసుకుంటే సాయంత్రానికి దాన్ని తిరగేసి చూసే వీలుండదు.

చెయ్యి చూస్తేనే సగం తెలిసిపోతుంది. ఒకేచోట రెండుమూడుసార్లు, ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా ఒత్తితే అది చాలావరకు "చె". వేలు గాల్లో నిలిచి, పెదాలు లెక్కపెడుతూ కదిలితే "పా". కళ్లు మాటిమాటికీ గడియారం వైపో, మిగిలిన ప్రాణాల బొమ్మల వైపో పోతే "ఆ". అయినా ఇవన్నీ ఊహలే. రుజువు కాగితం మీద తీయాలి.

ఏఫోర్ కాగితాన్ని పొడుగ్గా కత్తిరించి, మూడున్నర సెంటీమీటర్ల వెడల్పున ఆరు పట్టీలు చేసుకోండి. ఒక పట్టీని మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది సమాన భాగాలు వస్తాయి. ఆట అయిపోయాక, మధ్యలో ఆపి కాదు, ఆ పట్టీ చేతికిచ్చి "ఇందులో 5/8 రంగు వెయ్యి నాయనా" అనండి. ఆటలో ఇచ్చిన 3/4నే మళ్లీ అడిగితే అక్కడ చూసింది గుర్తుపెట్టుకుని చెప్పేస్తాడు, అందుకే అంకె మార్చాలి. కాగితం మీద చకచకా వేసి, ఆటలో మాత్రం ఆగాడంటే తప్పు పాఠానిది కాదు, "చె" గానీ "ఆ" గానీ అయ్యుండాలి. కాగితం దగ్గరా ఆగాడంటే "పా". ఆ రెండిట్లో ఏదో తేలడానికి ఆటలో గడియారం ఆపేసే మీట ఒకటి ముందే పెట్టుకోవాలి. గడియారం ఆపి ఆడిస్తే గబగబా చేసేశాడంటే "ఆ", అప్పుడూ ఆగాడంటే "చె". ఆ మీట పెట్టడం ప్రోగ్రామరుకు అరగంట పని. అది లేకపోతే పరీక్ష అయ్యాక గంటలకొద్దీ వాదించుకోవాలి.

ఈ మూడు గుర్తులకూ మందులు వేరు. "చె" వస్తే మొహమాటం లేకుండా తీసెయ్యండి. "ఆ" వస్తే గడియారం నిడివి, ప్రాణాల సంఖ్య సర్దండి. "పా" వస్తే ప్రోగ్రామరు ముట్టుకోకూడదు. ఆ కాగితం లెక్కల టీచరు చేతికి పోవాలి. ఆ మెట్టుకు ముందు ఇంకో చిన్న మెట్టు కావాలా, లేక ఆ ఆగడం మంచిదేనా అని తేల్చాల్సింది ఆ మనిషే.

ఆగకుండా పోయినా అనుమానించాలి

ఆగినచోట్లు వెతకడం అందరూ చేస్తారు. గలగలా ఆడేసి గెలిచిన పిల్లోణ్ని ఎవరూ పట్టించుకోరు. చదువు చెప్పే ఆటల్లో పెద్ద తప్పులు దాక్కునేది అక్కడే.

1/4 పెద్దదా 1/8 పెద్దదా అంటే 1/8 అనే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. నాలుగు కంటే ఎనిమిది పెద్దది కాబట్టి. ఆ భ్రమను పోగొట్టాలని ఒక ఆట చేశారనుకోండి: రెండు గుండ్రటి బొమ్మలు, ఒకదాన్లో పావువంతు రంగు, రెండోదాన్లో ఎనిమిదో వంతు, పైన అంకెలు. పెద్దదాన్ని తాకాలి. పిల్లలందరూ పదికి పది తెచ్చుకుంటారు. ఎందుకు తెచ్చుకోరు? అంకెల వైపు చూసే పనే లేదు, ఎక్కువ రంగున్న బొమ్మను తాకితే సరిపోతుంది. పరీక్ష కాగితంలో ఒక్క ఇబ్బందీ పడదు. ఆట బ్రహ్మాండం అని రాసుకుని ఇంటికి పోతాం.

దీనికి మందు కాగితం టేపు. తెర మీద అంకెలున్నచోట చిన్న ముక్క అంటించి మళ్లీ ఆడించండి. అంకెలు కనబడకపోయినా పిల్లోడు అంతే బాగా గెలిస్తే, ఆ మెట్టులో అంకెలు అలంకారమే. పాఠం కనబడకుండా చేసినా గెలవగలిగితే అక్కడ పాఠం లేదు. ఏ పాఠానికైనా ఇదే పని చెయ్యొచ్చు. స్పెల్లింగు ఆటలో మాటను కప్పి బొమ్మను ఉంచండి, పటాల ఆటలో జిల్లా పేరు కప్పి రంగు ఉంచండి.

రెండో దొంగదారి గుడ్డిగా ఒత్తడం. నాలుగు జవాబుల్లో ఒకటి ఒప్పు, తప్పు ఒత్తితే ఏమీ పోదు, మళ్లీ ఒత్తొచ్చు. ఒత్తినదాన్ని మళ్లీ ఒత్తకుండా పోతే సగటున రెండున్నర సార్లలో ఒప్పు దొరుకుతుంది. ఒక్కో ఒత్తుడుకు ఒక సెకను వేసుకున్నా మూడు సెకన్లలోపు పని అయిపోయింది. ఆలోచించి లెక్క కడితే పదిహేను సెకన్లు. పిల్లోడు చేసింది సోమరితనం కాదు, మనం రాసిన నియమాలకు అదే తెలివైన ఆట. ఇది పట్టుకోవాలంటే ఒత్తుడుకూ ఒత్తుడుకూ మధ్య ఎంత సేపుందో ఆటే రాసి పెట్టేలా చెయ్యాలి. రెండు సెకన్లకు తక్కువలో వరసగా మూడు జవాబులు పడ్డాయంటే అక్కడ ఆలోచన లేదు. తప్పు ఒత్తితే కొన్ని సెకన్లు తెర బిగించేస్తారు కొందరు. దానివల్ల విసుగు పెరుగుతుందే గాని ఆలోచన పెరగదు. తప్పు పడగానే అంకెలు మార్చి అదే రకం లెక్క కొత్తగా ఇస్తే గుడ్డి ఒత్తుడుకు లాభం ఉండదు.

ఎంతమంది, ఎవరు

ఐదుగురు చాలు అనే మాట అందరి నోటా వినబడుతుంది. వాడుక పరీక్షల మీద పనిచేసిన జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో కట్టిన లెక్క అది. నీల్సన్ 2000లో దాన్ని నలుగురికీ అర్థమయ్యేలా రాశాడు. ఒక్కో మనిషి సగటున 31 శాతం తప్పుల్ని బయటపెడతాడనుకుంటే ఐదుగురితో దాదాపు 85 శాతం బయటపడతాయి. ఆ 31 అన్నది వాళ్లు చూసిన సాఫ్ట్‌వేర్ల సగటు. పదిమందిలో ఒక్కడికే తగిలే తప్పును తీసుకుంటే, ఐదుగురిలో అది ఒక్కసారైనా కనబడే అవకాశం 41 శాతమే. అంటే కనబడకుండా పోయే అవకాశమే ఎక్కువ. అలాగని ఒకేసారి పదిహేనుమందిని కూర్చోబెట్టడం కూడా తెలివితక్కువే. ఐదుగురిని చూసి, దిద్ది, ఇంకో ఐదుగురిని చూసి, మళ్లీ దిద్ది, మూడో ఐదుగురి దగ్గరికి పోవాలి. ఇది నీల్సన్ కూడా చెప్పిన మాటే, దాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు.

ఆ మూడు ఐదుల్ని ఒకేచోట నుంచి తెచ్చుకోవద్దు. కర్నూలు టౌను బడి ఒకటి, ఆదోని వైపు కన్నడం ఇంట్లో మాట్లాడే పిల్లలున్న ఊరు ఒకటి, కర్నూల్లోనో కడపలోనో ఉర్దూ మీడియం బడి ఒకటి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదివే పిల్లలకు "ముందుకు" బాణం ఎటు తిరగాలన్నది ఊహించి తేల్చే విషయం కాదు.

బడిలో అడిగితే టీచర్లు ప్రేమగా ఫస్టు బెంచీ పిల్లల్ని పంపిస్తారు. ఊరి పరువు, బడి పరువు. వాళ్లు ఏ చెత్త ఆటనైనా గెలిచేస్తారు. హాజరు పట్టీ తీసుకుని ప్రతి ఏడో పేరూ పిలవమనండి, గొడవ ఉండదు. ఆ పిల్లలందరికీ పెన్సిలు డబ్బా ఇవ్వాలనుకుంటే ఆటకు ముందే ఇచ్చెయ్యాలి. ఆఖర్న ఇస్తే గెలిచినందుకిచ్చారనుకుంటారు, తర్వాత వచ్చేవాళ్లకు ముందే చెప్పేస్తారు.

2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం లెక్కలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి. ఒప్పుదల కాగితం తెలుగులో అర పేజీ మించకూడదు, చదువుకోనివాళ్లకు చదివి వినిపించాలి. ముఖం తీయకండి, చేతులు చాలు. పేరు బదులు "కర్నూలు 3" అని అంకె వేసుకోండి. అమ్మానాన్నలు ఒప్పుకున్నా పిల్లోడికి ఇష్టం లేకపోతే అక్కడితో ఆపెయ్యాల్సిందే.

గది, ఫోను, ఎండ

పరీక్షకు తెచ్చే ఫోను మన జేబులోది కాకూడదు. రెండు, మూడు జీబీల ర్యామ్‌తో నాలుగైదేళ్లు నలిగిన ఆండ్రాయిడ్ కావాలి, దాని మీద పగిలిన గ్లాసు అలాగే ఉండాలి. ఇళ్లలో పిల్లల చేతికి దొరికేది అలాంటిదే. తెర రికార్డింగు ఆ ఫోన్లోనే పెడితే ఆట నత్తనడక నడుస్తుంది, ఆ నెమ్మది ఆటదా రికార్డింగుదా తేలదు. రెండో ఫోన్ని స్టాండుకు బిగించి పైనుంచి చేతుల్ని తీయడం మేలు. ఆడే ఫోన్లో సెట్టింగ్స్‌కు పోయి, అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబరును ఏడుసార్లు తాకితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో "షో ట్యాప్స్" పెడితే వేలు పడినచోటల్లా తెల్లచుక్క కనబడుతుంది. వేలు ఎక్కడ పడింది, ఆట ఎక్కడ పడిందనుకుంది అన్న తేడా ఆ చుక్కతో వీడియోలో స్పష్టంగా దొరుకుతుంది. వేలితో తాకేదేదైనా ఎంతుండాలో ఆండ్రాయిడ్ సూచించే కనీస కొలత 48 డీపీ, అంటే తెర మీద దాదాపు 9 మిల్లీమీటర్లు. ఎనిమిది ముక్కల చిక్కీ పలకను చిన్న తెరలో పట్టించాలని చూస్తే ముక్క అంతకంటే చిన్నదైపోతుంది, పైగా పిల్లోడి బొటనవేలు కింద అంకె దాక్కుంటుంది. అంకెను ముక్క మీద కాక పైన రాయాలి. లాగడం కుదరకపోతే "తాకితే ఎగిరి పళ్లెంలో పడే" పద్ధతి కూడా పెట్టాలి.

మార్చి సగం దాటాక ఒంటిపూట బడులు. ఏప్రిల్, మేలలో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, ఫోను కాగి తనంతట తానే వెలుతురు తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది, చెమట వేలికి లాగుడు తెగిపోతుంది. పరీక్షలు జూలై తర్వాత పెట్టుకుంటే పిల్లలకు సుఖం. కానీ ఒక్క రోజైనా ఏప్రిల్ మధ్యాహ్నం వరండాలో ఆడించి చూడాలి, ఎందుకంటే సెలవుల్లో వాళ్లు ఆడేది అక్కడే. టమోటాలు పండినవీ పచ్చివీ వేరుచేసే ఆటలాంటివి ఎండలో తీసుకుపోతే రంగు తేడా ఆవిరైపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టని పిల్లలకైతే నీడలో కూడా కనబడదు. రంగుతోపాటు ఆకారం కూడా మారాలి.

ఇంట్లో ఫోను నాన్నది. ఆయన పొలం నుంచి వచ్చాకే పిల్లోడి చేతికొస్తుంది, వచ్చిన పది నిమిషాలకు ఎవరో ఫోన్ చేస్తారు. కాబట్టి ఐదో మెట్టు మధ్యలో ఉండగా మీరే ఆ ఫోనుకు కాల్ చెయ్యండి. కాల్ అయ్యాక ఆట ఎక్కడ తెరుచుకుంది? మొదటి నుంచా, ఆగినచోట నుంచా? గడియారం కాల్ సేపంతా తిరిగిందా? చాలా ఆటలు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే చతికిలపడతాయి.

తెర మీద తెలుగు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే బయటి పుస్తకాలు దీన్ని అంతగా చెప్పవు. ఆటలు తయారుచేసే యూనిటీ ఇంజన్‌లో అక్షరాలు చూపించడానికి మామూలుగా వాడే టెక్స్ట్‌మెష్‌ప్రో తెలుగు గుణింతాల్నీ ఒత్తుల్నీ సరిగా కూర్చదు. "స్త్రీ" అని రాస్తే తెర మీద "స్‌త్‌రీ" అని విడివిడిగా పడుతుంది. ప్రోగ్రామరు కంప్యూటర్లో ఇంగ్లీషు మాటలతో ఆటంతా చేసి, చివరి వారంలో తెలుగు అతికిస్తాడు, అప్పుడు బయటపడుతుంది. గోడో ఇంజన్‌లో 4వ వెర్షన్ నుంచి ఈ కూర్పు బాగానే కుదురుతుంది. ఇంజన్ ఏదైనా మొదటి రోజే "లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న" అని నాలుగు మాటలు పెట్టి చూసుకోవాలి. కూర్పు సరిపోయినా వరుసల ఎత్తు ఇంగ్లీషు కొలతకు ఉంటే కింది ఒత్తులు తెగిపోతాయి. "రాష్ట్రం"లో ట్ర తోక తెగితే ఆరో తరగతి పిల్లోడు దాన్ని గుచ్చిగుచ్చి చూస్తాడు, మన కాగితంలో అది "చదవడం రాదు" అని పడుతుంది. తప్పు ఫాంటుది, మచ్చ పిల్లోడికి.

మాటల సంగతి ఇంకా తిరకాసు. అంగడి ఆటలో కూడికలు నేర్పుతున్నారు. తెర మీద "ఉల్లిపాయలు కిలో, బంగాళాదుంపలు అరకిలో, వేరుశనగలు పావుకిలో, మరమరాలు రెండు సేర్లు" అని వస్తుంది. మన పిల్లోడికి అవి ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు, బుడ్డలు, బొరుగులు. బొమ్మ పక్కనుంటే సర్దుకుంటాడు. గొంతు మాత్రమే వినిపిస్తే మరమరాల దగ్గర ఆగుతాడు. ఆ ఆగడం కూడికది కాదు, "చె"లోకే వస్తుంది, దాన్ని తీసెయ్యాల్సిందే. కానీ తెలుగు పాఠం నేర్పే ఆటలో అదే మాట దగ్గర ఆగితే అది "పా" కావొచ్చు. పుస్తకం మాట నేర్పడమే అక్కడ పనైతే ఉంచాలి. ఒకే మాట, ఒకే ఆగడం, ఆటను బట్టి గుర్తు మారిపోతుంది.

"నొక్కండి" అని తెర చెబితే, "ఒత్తాల్నా?" అని పిల్లోడు అడుగుతాడు. సరే, ఒత్తు అనే రాద్దామంటే, అక్షరాల ఆటలో "కింద ఒత్తు" అంటే క కింద త పెట్టమనా, కింది బొత్తాం ఒత్తమనా? అలాంటిచోట "తాకు" అంటే సరిపోతుంది, చెయ్యి బొమ్మ పెడితే ఇంకా మేలు. లెక్కల మాటలకైతే సర్కారు పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. పిల్లలు కొందరు "లవం" అంటారు, కొందరు "న్యూమరేటర్" అంటారు. ఏది అంటారో ఆటకు ముందు ఒక్క ప్రశ్నతో తెలుసుకుని కాగితం పైన రాసుకోవాలి. లేకపోతే మాట తెలియక ఆగినవాడూ లెక్క తెలియక ఆగినవాడూ ఒకే గుర్తు కింద పడతారు.

నోరు మూసుకుని కూర్చోవడం

"ఇది నీకు పరీక్ష కాదు" అని మొదలుపెడతారు చాలామంది. పరీక్ష అనే మాట చెవినపడగానే పిల్లోడు బిగుసుకుంటాడు, ఆ మాటే ఎత్తకండి. "ఈ ఆట ఇంకా తయారు కాలేదు, యాడ బాగలేదో మాకు తెలియడం లేదు, నువ్వు ఆడితే తెలుస్తుంది" అంటే చాలు. టీచరు గదిలో ఉండకూడదు. మిమ్మల్ని సార్ అని కాక అన్నా, అక్కా అని పిలవనివ్వండి, తప్పులు చెప్పడానికి నోరు తిరుగుతుంది. బడి పీరియడు 40, 45 నిమిషాలు. అందులో మాటలకు ఐదు, ఆటకు ఇరవై, కాగితం పట్టీలకు ఐదు పోను మిగిలింది తర్వాతి పిల్లోడికి ఫోను తుడిచి, ఆటను మొదటికి తెచ్చి పెట్టుకోవడానికి. మూడు, నాలుగు తరగతుల వాళ్లకు ఆట పదిహేను నిమిషాలు మించొద్దు.

పిల్లోడు ఆగితే ముప్పై సెకన్లు ఊరికే ఉండండి. మాట్లాడకుండా ముప్పై సెకన్లు చాలా పొడుగు, మనసులో లెక్కపెట్టుకుంటే గాని నిలవలేరు. తర్వాత "ఇప్పుడేం చెయ్యాలనుకుంటాండావు?" అని మాత్రం అడగండి. ఇంకా ముప్పై సెకన్లకు ఒక చిన్న సూచన. అప్పటికీ కాకపోతే చేసి చూపించి ముందుకు పోనివ్వండి. ఏ దశలో కదిలాడో 1, 2, 3 అని రాసుకోండి, రేపు దేన్ని ముందు దిద్దాలో ఆ అంకెలే చెబుతాయి. ఆటను తయారుచేసిన మనిషి గదిలో ఉంటే వెనక గోడకు కూర్చోవాలి. తన బిడ్డను ఎవరో తప్పుగా ఎత్తుకున్నట్టు చెయ్యి ముందుకొచ్చేస్తుంది పాపం, అందుకే దూరం.

మనసులో అనుకున్నది పైకి చెబుతూ ఆడమనే పద్ధతి పెద్దవాళ్లకు బాగానే పనిచేస్తుంది. పిల్లలు రెండు నిమిషాలకు మౌనంలోకి పోతారు, గుర్తుచేస్తే ఆట మీద ధ్యాస పోతుంది. ఇద్దరు స్నేహితుల్ని కలిపి కూర్చోబెడితే మాటలు వాటంతట అవే వస్తాయి. "అది కాదప్పా, కింద ఉండాది సూడు" అన్న ఒక్క మాటలో ఆ మెట్టు మీద పది పేజీల రిపోర్టుంటుంది. కాకపోతే ఒకడు ఫోను లాక్కుంటాడు, రెండోవాడు కిటికీలోకి చూస్తాడు. దానికి నియమం ఒకటి పెట్టుకోండి: చెయ్యి ఒకరిది, నోరు ఇంకొకరిది, ఐదు నిమిషాలకు మార్పు. నోరున్నవాడు తెర తాకకూడదు, చెయ్యున్నవాడు చెప్పింది తప్ప చెయ్యకూడదు.

నవ్వుముఖం, ఏడుపుముఖం బొమ్మలు చూపించి ఏది నచ్చిందో చెప్పమనే కాగితాల మీద నాకు నమ్మకం లేదు. చిన్నపిల్లలు చాలావరకు అన్నిటికంటే పెద్ద నవ్వునే తాకుతారు. "బాగుండాది సార్" అనడం మర్యాద, జవాబు కాదు. వాడడం ఎంత సులువుగా ఉందో అడిగే, జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది వాక్యాల ఎస్‌యూఎస్ కాగితం టీచర్లకు ఇవ్వొచ్చు, పిల్లలకు వద్దు. అందులో వాక్యాలు ఒకటి పొగడ్త, ఒకటి తెగడ్తగా వస్తాయి, పిల్లలు వాటిలో చిక్కుకుపోతారు. టీచర్ల మార్కు వందకు 68 దగ్గరుంటే అది సగటు అని అర్థం, 68 శాతం కాదు. పిల్లల దగ్గర ఇష్టం కొలవాలంటే చివర్లో "అయిపోయింది, ఇంకో ఐదు నిమిషాలు ఖాళీ ఉంది" అని చెప్పి ఆ ఆటతోపాటు ఇంకో ఆట కూడా ఫోన్లో తెరిచి పెట్టి, మీరు కాగితాలు సర్దుకుంటున్నట్టు తల దించుకోండి. వేలు దేని మీదికి పోతుందో అదే జవాబు.

దిద్దడం

2002లో మైక్రోసాఫ్ట్ ఆటల విభాగం వాళ్లు రైట్ (RITE) అనే పద్ధతిని కాగితం మీద పెట్టారు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో ఆటలో నేర్పే భాగాన్ని అలాగే బాగుచేశారు. అందరూ అయ్యేదాకా ఆగకుండా, ఒక మనిషి ఆడగానే తప్పు దిద్ది తర్వాతి మనిషికి దిద్దినదాన్ని ఇవ్వడం. "చె" గుర్తులకు ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. ఉదయం ఇద్దరు పిల్లలు ఒకే బొత్తాం దగ్గర ఆగితే మధ్యాహ్నం బువ్వ వేళకు దాన్ని పెద్దది చేసి మూడోవాడికి ఇవ్వొచ్చు. దిద్దిన ప్రతిసారీ వెర్షన్ అంకె మార్చి ఆ అంకెను చూసే కాగితంలో రాయాలి, లేకపోతే సాయంత్రానికి ఎవరు ఏది ఆడారో తెలియక తల పట్టుకుంటారు. "పా" గుర్తులకు మాత్రం ఈ పద్ధతి వాడొద్దు. ఒక్క పిల్లోడు ఆగాడని పాఠం మెట్టు తేలిక చేసేస్తే నాలుగోవాడికొచ్చేసరికి పాఠం కరిగిపోతుంది.

ఐదుగురిలో ముగ్గురు ఆగితే "60 శాతం" అని రాయకండి. "ఐదుగురిలో ముగ్గురు" అనే రాయండి. ఆట వల్ల నిజంగా నేర్చుకున్నారా అన్నది ఈ పరీక్షకు చేతకాని ప్రశ్న. దానికి ఆటకు ముందు ఆరు లెక్కలు, తర్వాత ఆరు, రెండు వారాలకు మళ్లీ ఆరు, ఆట ఆడని ఇంకో తరగతికి కూడా అవే లెక్కలు, ఇదంతా వేరే పని, వేరే ఏర్పాటు. రెండిటినీ ఒకే మధ్యాహ్నం చెయ్యబోయి రెండూ చెడగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఇంకొక్క పరీక్ష మిగిలింది, దీనికి ఓపిక కావాలి. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో పత్తి, మిరప కోతలప్పుడు ఇళ్లకిళ్లే సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోతాయి, పిల్లలూ వెంట పోతారు. రెండుమూడు నెలలకు తిరిగొచ్చిన పాప ఆటను తెరిస్తే, ఆమె వదిలిన పదకొండో మెట్టు ఎదురవుతుంది. ఏ వేలితో ఏం చెయ్యాలో గుర్తుండదు, పాఠమూ సగం మరుపున పడి ఉంటుంది. మొదటి ఐదుగురిలో ఇద్దరిని ఎంచుకుని, వాళ్లకు మధ్యలో ఆ ఆట దొరక్కుండా పది వారాలు ఆగి, అదే ఫోను మళ్లీ చేతికివ్వండి. ఆట వాళ్లను పదకొండో మెట్టు దగ్గరే నిలబెట్టిందా, "ముందు రెండు పాత లెక్కలు చేద్దాం" అందా అని చూడండి. ఆ రోజు కాగితంలో గడియారం మొదలవ్వాల్సింది ఆట తెరుచుకున్నప్పుడు కాదు, పాప మొదటిసారి తెర తాకినప్పుడు.